గుంటల మెకానిక్కు నెత్తుట్లో బుడగలు

గంగపట్నం చుట్టుపక్కల రొయ్యల గుంటలు వేసినవాళ్ళలో ఎవరినైనా ఆపి, "మెకానిక్కు సమాధానం ఎట్టాంటోడబ్బా?" అని అడిగి చూడండి. ముందు ఒక తిట్టు వస్తుంది, వెంటనే నవ్వొస్తుంది, ఆ తర్వాత "అయినా మోటరు ఆగిపోతే వాడే రావాల గదా" అని ఒక నిట్టూర్పు వస్తుంది. ఈ మూడూ ఇదే వరసలో రాలేదంటే మీరడిగిన మనిషి ఈ ఊరివాడు కాదు.

సమాధానం అన్నది ఆయన పేరు, ఏరియేటర్లు బాగుచేయడం ఆయన పని. గుంట నీళ్ళమీద తేలుతూ, తెడ్ల చక్రాలు గిరగిరా తిప్పి, నీళ్ళలోకి గాలి చిమ్మే యంత్రాలవి. అవి ఆగాయంటే రొయ్యలకు ఊపిరాడదు. తెల్లారేసరికి రొయ్యలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి, ఆసామి తల పట్టుకుని గట్టుమీద కూలబడతాడు. సమాధానం ముప్పై ఏళ్ళుగా నడుము లోతు ఉప్పునీళ్ళలో ఆ మోటర్లతో కుస్తీ పట్టిన మనిషి. యాభై ఏడేళ్ళొచ్చాయి, మోకాళ్ళు అరిగాయి, గోళ్ళలో గ్రీజు శాశ్వతంగా ఇల్లు కట్టుకుంది. బుద్ధి మాత్రం పదిహేనేళ్ళ దగ్గరే ఆగిపోయింది. పని దగ్గర మోసం లేదు, ఎవరి సొమ్మూ ముట్టడు. కానీ ఎదుటి మనిషి కాస్త అమాయకంగా కనిపించాడంటే చాలు, నాలుక దురద పుడుతుంది. ఆ దురద తీరేదాకా నిద్రపట్టదు.

"దేముడు ఈయనకు ముందు నోరు చేసి, తర్వాత మనిషిని తెచ్చి తగిలించినాడు" అంటుంది ఆయన భార్య ఎలిశబెతు. ఊళ్ళో అంగన్‌వాడీలో ఆయా ఆమె. ముప్పై రెండేళ్ళ కాపురం. తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడిందంటే ఎదుటివాడికి ఇంక మాట్లాడే పని ఉండదు.

అలాంటి సమాధానానికి మొన్న ఎండాకాలం పోతూ పోతూ కడుపుబ్బరం పట్టుకుంది. సోడా తాగాడు, వాము నమిలాడు, చివరికి ఎలిశబెతు పోరు పడలేక నెల్లూరు పోయి స్కానింగ్ తీయించుకున్నాడు. ఉబ్బరం సంగతేమో గానీ, లివర్‌లో కుడిపక్క మూడు సెంటీమీటర్ల మచ్చ బయటపడింది.

కడుపు డాక్టరు పద్మనాభయ్య గారు పెద్దాయన. రిపోర్టు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి పక్కనపెట్టాడు. "ఇది మంచి గడ్డా, చెడ్డ గడ్డా అన్నది ఈ స్కాన్‌తో తేలదు. సీటీ తీయిద్దామంటే దానికి ఎక్కించే మందు నీ కిడ్నీలు తట్టుకోవు. నీ క్రియాటినిన్ ఇప్పటికే ఎక్కువుంది. ఇంకో దారి ఉంది. నరంలోకి సన్నటి బుడగలు ఎక్కించి, అవి గడ్డలోకి ఎట్లా పోతాయో అల్ట్రాసౌండ్‌లోనే చూస్తారు. డాక్టర్ భానుప్రియ గారని, ఆ పరీక్ష ఆమె చేస్తారు. గురువారాలు మాత్రమే. రెండు వారాలు ఆగాలి."

"సార్, నరంలోకి గాలెక్కిస్తే మనిషి పోతాడు గదా? సినిమాల్లో ఖాళీ సిరంజితో చంపేది అట్టనే గదా?"

"అది పెద్ద గాలి బుడగ. ఇవి నెత్తుటి కణాల కంటే చిన్నవి."

"మరి చివరికి యాడికి పోతాయి సార్ అయ్యి?"

"నీ ఊపిరిలోంచి బయటికి పోతాయి."

"అంటే నేనే ఒక ఏరియేటర్‌నన్నమాట" అన్నాడు సమాధానం. డాక్టరు నవ్వలేదు. పక్కనున్న ఎలిశబెతు అసలే నవ్వలేదు.

తిరుగు బస్సులో ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఈయనకు నోరు ఊరుకుంటుందా? "మూడు సెంటీమీటర్లంటే ఎంతుంటాది మే? పెద్ద రొయ్య తలకాయంత ఉంటాదా?" అన్నాడు.

"నోరు మూసుకో. నాకు తల నొస్తా ఉండాది."

అంతే. ఒక్క చుక్క కన్నీరు లేదు, అయ్యో అన్న మాట లేదు. ఇంటికి రాగానే పొయ్యి వెలిగించింది, బియ్యం కడిగింది. సమాధానం మనసు చివుక్కుమంది. పక్కింటి పేరమ్మ గేదె చచ్చిపోతే మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు కూడా గేదె పేరు తలుచుకుని ముక్కు చీదింది. ఇక్కడ కట్టుకున్న మొగుడి లివర్‌లో గడ్డ ఉంటే, ఈమె చారులోకి కరివేపాకు సరిపోలేదని విసుక్కుంటోంది! ఒక్కగానొక్క కూతురు అబిగయీలుకు నెలలు నిండాయి, కోవూరులో అత్తగారింట్లో ఉంది. ఆ పిల్లకు ఈ సంగతి చెప్పొద్దని ఎలిశబెతే గట్టిగా చెప్పింది. దాంతో ఈయన కోసం ఏడ్చే మనిషి ఈ భూమ్మీద లేకుండా పోయింది.

ఎకసెక్కాలకేం గానీ, లోపల మాత్రం భయం పట్టుకుంది. గుంటలో దిగి మోటరు బోల్టు విప్పుతూ విప్పుతూ, చెయ్యి దానంతటదే కుడి డొక్క దగ్గరికి పోయేది. పుట్టబోయే మనవడో మనవరాలో, ఆ మొహం చూడకుండానే పోతానేమో అనుకునేవాడు. ఆ ఊహ వచ్చినప్పుడు ముక్కు తుడుచుకునేవాడు. గట్టుమీద ఎవరైనా ఉంటే ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయాయని చెప్పేవాడు.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు టైటస్ గారు ఎప్పటిలాగే ప్రకటన చేశారు. "వచ్చే ఆదివారం ప్రభు బల్ల. ఎవరికైనా తప్పు చేసి దాచుకున్నవాళ్ళుంటే ఈ వారంలోగా వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒప్పుకుని, సమాధానపడి రండి. అది చేయకుండా రొట్టె ముట్టవద్దు."

సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆ ప్రభు బల్లకు ముందు, ఇది ప్రతినెలా ఉండే మాటే. శనివారం సాయంత్రం అందరూ ఫోన్లు పట్టుకుంటారు. "ఏమైనా అని ఉంటే క్షమించొదినా", "నువ్వు కూడా క్షమించమ్మా", ఇంతటితో సరి. సమాధానం ఆ పాటి కూడా చేసిన పాపాన పోలేదు. కానీ ఈసారి వేళ్ళమీద లెక్క చూసుకున్నాడు. ప్రభు బల్ల ఆదివారం, స్కాను ఆ పై గురువారం. ఆ స్కానులో చెడ్డగడ్డని తేలితే మళ్ళీ బల్ల దగ్గరికి వస్తానో రానో! ఇంటికొచ్చి, మోటరు వైండింగ్ రసీదు తిప్పి, వెనకవైపు పేర్లు రాయడం మొదలుపెట్టాడు. తను జీవితంలో వెర్రివాళ్ళను చేసిన వాళ్ళ పేర్లు. నలభై ఒకటి తేలాయి. చచ్చిపోయినవాళ్ళను కొట్టేశాడు. చెబితే తన్నేవాళ్ళను కూడా కొట్టేశాడు. ముఖ్యమైనవి మూడు మిగిలాయి.

మొదటి పేరు హజరత్తయ్య. ఎనిమిదెకరాల గుంటల ఆసామి, పెద్దమనిషి, ఎవరేం చెప్పినా నమ్మే మనిషి. ఆరేళ్ళ కిందట ఆయన గుంటలో రొయ్యలు మేత తినడం మానేశాయి. మోటరు బాగుచేయడానికి పోయిన సమాధానం, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని గంభీరంగా, "అన్నా, పొద్దున్నే పాత పాటలు వినిపిస్తే రొయ్యకు ఆకలి పుడతాదంట. ఒంగోలు పక్క అందరూ అదే జేస్తా ఉండారు" అన్నాడు. ఏ గాలి మారిందో, ఏ మందు పనిచేసిందో, ఆ పంటలో రొయ్య బొటనవేలంత లావున దిగింది. అంతే! హజరత్తయ్య గట్టుకు రేడియో కట్టాడు. మరుసటేడు నాలుగు గట్లమీద నాలుగు స్పీకర్లు పెట్టించాడు. విషాదగీతాలు వేస్తే రొయ్య పెంకు మెత్తబడుతుందని తనంతట తనే కనిపెట్టి, వాటిని నిషేధించాడు. పక్క గుంటలవాళ్ళకు కూడా నేర్పాడు. ఆ గట్టున పోతుంటే పెళ్ళివారి విడిదిలా ఉంటుంది.

బుధవారం పొద్దున పోయి, మేత బస్తామీద కూర్చున్న హజరత్తయ్య ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు సమాధానం. "అన్నా, ఒక తప్పు ఒప్పుకోవాల. రొయ్యలకు పాటలు వినపడవు. నేను ఎకసెక్కానికి చెప్పినా. క్షమించు."

హజరత్తయ్య స్పీకరు వైపు చూశాడు, గుంట వైపు చూశాడు, ఆఖరికి ఈయన మొహం చూశాడు. "నీకు లివర్‌లో గడ్డంట గదా?"

"అవునన్నా. ఇంకా తేలలా."

"అదే. పొయ్యేకాలానికి పక్కోడి పంట చూసి ఓర్చుకోలేని బుద్ధి పుడతాదంటే నేను నమ్మలేదు అబ్బయా. ఆరేళ్ళుగా పండతా ఉండే పంట. ఇప్పుడొచ్చి పాటలు ఆపమంటావా?"

"ఆపమనలా అన్నా. అది అబద్ధం అంటా ఉండా."

"పో, పొయ్యి ప్రార్థన చేసుకో. నీమీద నాకు కోపం లేదులే. రోగం అట్ట మాట్లాడిస్తా ఉండాది" అని లేచిపోయి, స్పీకరు శబ్దం ఇంకొంచెం పెంచి వచ్చాడు. చేసిన తప్పు తనే ఒప్పుకుంటే, కాదు నువ్వు తప్పు చేయలేదని తరిమేసిన మనిషిని సమాధానం అప్పుడే చూడటం.

రెండో పేరు సాక్షాత్తు పాస్టరు టైటస్ గారిది. చర్చిలో గోడ గడియారం తలుపు పైన, జనానికి వెనకాల ఉంటుంది. అది ఎదురుగా కనపడేది ప్రసంగం చేసే పాస్టరుగారికి ఒక్కరికే. ఆయన ఆదివారం ఫోను ముట్టరు, చేతికి వాచీ పెట్టుకోరు. ఆ గడియారానికి సెల్లు మార్చడం, ఫ్యాన్లు చూడటం సమాధానం సేవ. ఆ సేవలో భాగంగా ప్రతి ఆదివారం పొద్దున ముల్లు ఇరవై నిమిషాలు ముందుకు తిప్పేవాడు, ఆరాధన అయ్యాక వెనక్కి తిప్పేవాడు. అలా తొమ్మిదేళ్ళు. సంఘంలో సగంమందికి తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. పాస్టరుగారు ప్రతివారం మూడు అంశాలు చెబుతానని మొదలుపెట్టి, రెండు చెప్పేసరికి తలెత్తి గడియారం చూసి, గతుక్కుమని ముగింపు ప్రార్థనలోకి పోయేవారు. ఈ తొమ్మిదేళ్ళలో ఆయన మూడో అంశం విన్న మనిషి లేడు.

సంగతి విని పాస్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. "నేను సమయపాలన లేని సేవకుణ్ణని ఎన్ని రాత్రులు కన్నీటితో ప్రార్థించానో నీకు తెలుసా సహోదరుడా?" అన్నారు. సమాధానానికి నిజంగానే సిగ్గేసింది. తలొంచుకుని, "తప్పయిపోయింది అయ్యగారూ" అన్నాడు. పాస్టరుగారు లేచొచ్చి కౌగిలించుకుని, సంపూర్ణంగా క్షమించేశారు.

క్షమించి ఊరుకున్నారా? ప్రభు బల్ల ఆదివారం మూడో అంశం చెప్పారు. పోయినవారం మూడో అంశం కూడా చెప్పారు. ఆ ముందటి నెలవి గుర్తున్నంతవరకు చెప్పారు. ఒంటిగంటన్నర అయింది. పిలకాయలు బెంచీలకింద పడుకున్నారు, ఇళ్ళల్లో కూరలు చల్లారిపోయాయి, ముసలివాళ్ళకు సుగర్ పడిపోయింది. బయటికొచ్చాక మస్తానమ్మ అనే పెద్దావిడ చెప్పులు వెతుక్కుంటూ, "గడ్డ నీకొస్తే శిక్ష మాకెందుకయ్యా సమాధానం?" అని అందరూ వినేటట్టే అడిగింది. సంఘానికి ఆయన మీదున్న జాలి ఆ పూటతో తుడిచిపెట్టుకుపోయింది.

మూడో పేరు ఎలిశబెతు. అది శనివారం రాత్రే, బల్లకు ముందే తేలిపోయింది. అన్నం పళ్ళెం ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, "నీ దగ్గర ముప్పై రెండేళ్ళుగా ఒక మాట దాచినా మే" అన్నాడు.

ఆమె గరిటె పట్టుకుని అలాగే ఆగింది.

"నీ చేపల పులుసులో పులుపెక్కువ. బాగుంది బాగుంది అని ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పినా."

నెల్లూరు జిల్లాలో పుట్టిన ఆడమనిషితో మొగుడు అనకూడని మాట ఏదైనా ఉందంటే అదే. ఊరొదిలిపోయే తప్పులు చేసినవాళ్ళు కూడా ఆ మాట అనడానికి జంకుతారు. సమాధానం కళ్ళు మూసుకుని గరిటె కోసం ఎదురుచూశాడు.

"తెలుసు" అంది ఎలిశబెతు.

"తెలుసా?"

"పులుసు తిన్నరోజు రెండు గ్లాసుల మజ్జిగ తాగతావు. చూస్తా ఉండాను గదా."

"మరి తగ్గించొచ్చు గదమ్మే?"

"నువ్వేమో లొట్టలేసి మెచ్చుకుంటా ఉంటివి. ఎట్ట తగ్గించేది?" అని ఇంకో గరిటె పులుసు వేసి, "తిను" అంది.

సమాధానం తినలేదు. ఇంక దాచుకోలేక అడిగేశాడు. "ఏమే, నేను పోతే నువ్వేం జేస్తావు?"

"అంగన్‌వాడీకి పోతా. పిలకాయలకు గుడ్లు ఉడకెయ్యాల."

గుడ్లు! ఆ రాత్రి మంచంమీద అటు తిరిగి పడుకున్నాడు. గడ్డకంటే ఆ గుడ్లే ఎక్కువ నొప్పెట్టాయి.

గురువారం వచ్చింది. నెల్లూరులో పెద్దాసుపత్రి, రెండో అంతస్తు. ఎలిశబెతు తన చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని బయట బెంచీమీద కూర్చుంది. లోపల ఫ్లోరా అనే నర్సు సమాధానం మోచేతి దగ్గర నరం వెతికి సూది గుచ్చింది. డాక్టర్ భానుప్రియ గారికి ముప్పై అయిదేళ్ళుంటాయి. చిన్న సీసా చేతిలో పట్టుకుని ఊపుతూ ఉన్నారు. లోపల మందు పాలలా తెల్లబడింది.

"అయ్యేనా మేడమ్ బుడగలు? నాదీ బుడగల పనే. నీళ్ళలో బుడగ పుడితే క్షణం నిలబడదే, ఇయ్యి నెత్తుట్లో ఎట్టా నిలబడతాయి?"

ఆమె ఆసక్తిగా చూశారు. "ఇందులో ఉండేది మామూలు గాలి కాదు, బరువైన వాయువు. చుట్టూ సన్నటి కొవ్వు పొర ఉంటుంది. అందుకే నాలుగైదు నిమిషాలు పగలకుండా తిరుగుతాయి. అవి నెత్తురు పోయే దారిలోనే పోతాయి, మెషీన్‌కు మెరుస్తూ కనిపిస్తాయి. ఇప్పుడు మీరు ఒక్క పని చేయాలి. అయిదు నిమిషాలు మాట్లాడకూడదు. మీరు మాట్లాడితే లివర్ కదులుతుంది, నాకు మచ్చ తప్పిపోతుంది."

"అయిదు నిమిషాలా?" అన్నాడు సమాధానం. సూది గుచ్చినప్పుడు కూడా అంత బెదరలేదు. "సరే మేడమ్. ఒకటే ఒకటి అడిగి మూసుకుంటా. చెడ్డదైతే ఎట్టా కనపడతాది?"

"చూడకుండా ఉంటేనే మంచిది మీరు."

"నా గుంట నేను చూసుకోకపోతే ఎట్టా మేడమ్?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి చెప్పారు. "చెడ్డదైతే సాధారణంగా గబుక్కున మొత్తం వెలుగుతుంది. ఆ తర్వాత చుట్టూ లివర్ వెలుగుతూనే ఉన్నా, అది ఒక్కటీ నల్లబడుతుంది. ఇంక మాట్లాడకండి."

తెల్లమందు నరంలోకి పోయింది, దాని వెనకే ఉప్పునీళ్ళు ఎక్కించారు. తెరమీద గడియారం అంకెలు పరుగెత్తడం మొదలైంది. మొదట అంతా చీకటి. పదిహేను క్షణాలకు ఒక నరం తళుక్కుమంది, దాని వెనక ఇంకోటి. చీకట్లో ఒక్కో ఏరియేటరు స్విచ్చి వేసుకుంటూ పోతే నీళ్ళు తెల్లగా లేస్తాయే, అట్లా లివర్ మేలుకుంది. మధ్యలో గుండ్రంగా మచ్చ. దాని అంచుల్లో అక్కడక్కడ ముద్దముద్దలుగా వెలుగు. నడుమ మాత్రం కటిక నలుపు.

నలుపు! మేడమ్, నల్లగా ఉండాదే అని అరవబోయి పళ్ళు కరిచిపట్టుకున్నాడు. ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో ఏమీ లేదు. పోబ్బా, ఈ ఆడవాళ్ళందరికీ మొహంలో ఏమీ కనపడనీయకుండా ఎవరు నేర్పుతారో! నిమిషం దాటింది. అంచుల్లో వెలుగు కొంచెం లావైనట్టనిపించింది. భ్రమేమో. రెండో నిమిషం. భ్రమ కాదు, వెలుగు లోపలికి పాకుతోంది. ఆమె మధ్య మధ్యలో మెషీన్‌ను ఆపి, బుడగలు పగలకుండా కాసేపాగి, మళ్ళీ చూస్తున్నారు. మూడో నిమిషానికి నలుపు చింతగింజంత అయింది. ప్రభువా, దాన్ని కూడా నింపు, దాన్ని కూడా నింపెయ్యి నాయనా, ఇంకెవరినీ ఏడిపించనని లోపల్లోపల మొక్కుకున్నాడు. నాలుగో నిమిషం. అయిదో నిమిషం. మచ్చంతా నిండిపోయింది. నిండి, అలాగే వెలుగుతూ ఉండిపోయింది. నల్లబడలేదు.

"ఇంక మాట్లాడొచ్చు" అన్నారు డాక్టరమ్మ. పడుకున్న మనిషి కళ్ళల్లోంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోతున్నాయి.

"ఇది క్యాన్సర్ కాదు. సన్నటి నెత్తుటి నాళాలు ముద్దగా చుట్టుకుంటే ఇట్లా అవుతుంది, హెమాంజియోమా అంటారు. చాలామందికి ఉంటుంది, ఉన్నట్టు కూడా తెలియదు. ఏమీ చేయక్కర్లేదు. ఆరునెలల తర్వాత ఒకసారి మామూలు స్కాన్ చేయించుకోండి, చాలు."

"మరి ఉబ్బరం మేడమ్?"

"అది గ్యాస్. పులుపు తగ్గించండి."

కాస్సేపు బయట కూర్చొని పొమ్మంది ఫ్లోరా. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే సమాధానానికి ఒళ్ళు గాల్లో తేలినట్టుంది. బతికాడు! మనవడి ముడ్డి కడుగుతాడు, వాడికి కూడా లేనిపోనివన్నీ నేర్పుతాడు. తలుపు దాకా వచ్చేసరికి, ఏం చెప్పమంటారు, నాలుక దురద మొదలైంది. అయిదు నిమిషాల కిందట చేసిన మొక్కు ఇంకా తడారలేదు. అయినా సరే, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ ఎలిశబెతు కంట్లో నీళ్ళు చూడాలి. గేదెపాటి విలువైనా ఉందో లేదో తేలిపోవాలి.

మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు. కాళ్ళీడ్చుకుంటూ వచ్చి బెంచీమీద కూలబడి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఏమన్నారు?" అంది ఎలిశబెతు.

ఆయన మెల్లగా తల అడ్డంగా ఊపాడు. నోటితో ఒక్క ముక్క కూడా అబద్ధం చెప్పలేదని తర్వాత ఎన్నాళ్ళు వాదించినా, ఆ ఊపడం మాత్రం ఊపాడు. ఊపి, వేళ్ళ సందుల్లోంచి చూశాడు.

ఆమె ఏడవలేదు. ఆయన వైపు కాసేపు చూసింది. లేచి కొంగు బొడ్లో దోపింది, సంచి తీసుకుంది, తిన్నగా పోయి స్కానింగ్ గది తలుపు తోసింది. "అమ్మా, ఆగండి" అన్న ఫ్లోరాను దాటుకుని లోపలికి పోయింది. డాక్టరమ్మతో పోట్లాటకు పోతోందనుకుని సమాధానం గాభరాగా వెనకాలే పరుగెత్తాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఎలిశబెతు సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడతపెట్టిన కాగితాలు తీసి డాక్టరమ్మ బల్లమీద పరిచింది.

"మేడమ్, ఇది నా రక్తం గ్రూపు. ఓ పాజిటివ్. ఎవరికైనా సరిపోతాదంట గదా. నాకు సుగర్ లేదు, బీపీ లేదు, అన్నీ చేయించినా, చూడండి. లివర్ సగం కోసినా మళ్ళీ పెరగతాదని పద్మనాభయ్య సారు చెప్పినాడు. నాది తీసుకొని ఆయనకు పెట్టండి. ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తా. అంగన్‌వాడీలో సెలవుకు కూడా రాసిచ్చినా."

డాక్టరమ్మ కాగితాలు చూసి, ఆమెను చూసి, ఏదో అనబోయారు.

"ఆయనకు మాత్రం చెప్పొద్దండి" అంది ఎలిశబెతు, గొంతు తగ్గించి. "పైకి అట్ట ఎకసెక్కాలాడతాడు గానీ, ఆయన ఒట్టి పిరికోడు మేడమ్. నేను ఏడిస్తే ఇంకా భయపడిపోతాడు."

గుమ్మంలో నిలబడ్డ సమాధానానికి కాగితం మీద తేదీ కనపడింది. మచ్చ బయటపడ్డ మరుసటి రోజుది. అంటే ఈయన బస్సులో రొయ్య తలకాయ లెక్కలు చెప్పిన తెల్లారే, ఆమె ఒక్కతే నెల్లూరు వచ్చిపోయింది. తను ఊరంతా తిరిగి క్షమాపణలు అడుక్కుంటూ, ఈమెకు గుండె లేదని అలిగి అటు తిరిగి పడుకున్న రాత్రి కూడా, ఆ కాగితాలు ఈ సంచిలోనే ఉన్నాయి.

"అమ్మా, మీ ఆయన మీకేం చెప్పారు?" అన్నారు డాక్టరమ్మ.

"చెప్పేదేముంది మేడమ్. మొహం చూసినా గదా."

డాక్టరమ్మ ఆమె భుజం మీదుగా గుమ్మంలోకి చూశారు. ఆ చూపుకు ముప్పై ఏళ్ళ ఉప్పునీళ్ళలో బిరుసెక్కిన ఒళ్ళు కూడా ముడుచుకుపోయింది. "ఆయనకేం లేదమ్మా. క్యాన్సర్ కాదు. ఆ మాట ఆయనకు చెప్పే పంపించాను నేను" అన్నారు.

ఎలిశబెతు వెనక్కి తిరిగింది. సంచితో మొహంమీద కొడుతుందనుకున్నాడు సమాధానం. కొట్టాలి కూడా. దెబ్బకు సిద్ధంగా కళ్ళు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆమె స్టూలుమీద కూలబడి ఉంది. ఏడుస్తోంది. కొంగు అడ్డం పెట్టుకుని మెల్లగా కాదు, వరండాలో రోగులంతా లేచి తొంగిచూసేటట్టు, రెండు వారాలది ఒక్కసారిగా, వెక్కివెక్కి ఏడుస్తోంది.

ఒక్క చుక్క చూడాలనే కదా ఇంత చేశాడు! ఇప్పుడు అటు చూడటం ఆయన వల్ల కావడంలేదు. పోయి ఆమె కాళ్ళ దగ్గర ఆ చల్లటి నేలమీదే కూర్చుని, మోకాలికి తల ఆనించాడు. ఫ్లోరా తలుపు మూసింది.

"పొద్దస్తమానం వాగతావే" అంది ఎలిశబెతు ఏడుపు మధ్యలోనే, ఆయన జుట్టు పట్టి గుంజుతూ. "ఇప్పుడు చెప్పు. ఒక నవ్వే మాట చెప్పు, చూద్దాం."

ఒక్కటి కూడా దొరకలేదు. ఆయన తల ఎత్తనే లేదు.

కొంతసేపటికి ఆమె మొహం తుడుచుకుని లేచింది. బల్లమీది కాగితాలు వరసగా మడిచి, కవర్లో పెట్టి, కవరు మళ్ళీ సంచిలో వేసుకుంది.

"ఇంక వాటితో పనిలేదు గదమ్మా, ఇటివ్వండి, బుట్టలో పడేస్తాను" అంది ఫ్లోరా.

"ఉండనీ తల్లీ" అంది ఎలిశబెతు. "ఈయన్ని నమ్మేదానికి లేదు."